నేల మీద ఓడ

ఇస్మే పెద్దమ్మ కాచే గంజికి ఆ సందులో ఎదురులేదు. కర్రపెండలం తురిమి, గుడ్డలో వేసి పిండి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని చన్నీళ్ళలో కలుపుతుంది. ఆ తర్వాత మరుగుతున్న నీళ్ళు సన్నటి ధారగా పోస్తూ, చెయ్యి ఆపకుండా తిప్పుతుంది. చెయ్యి ఆగిందా, ఉండ కడుతుంది. ఉండ కట్టిందా, తెల్లబట్ట మీద మచ్చ పడ్డట్టే. ఆ శనివారం మధ్యాహ్నం ఒక్క గిన్నెడు గంజిలోనే రెండు రకాల బట్టలు ముంచింది. ముందు తను పెంచిన డార్న్లీ ఆఫీసు చొక్కాలు, ఆ తర్వాత తన ఓడబట్టలు.

ఓడంటే నీళ్ళమీద తేలేది అనుకునేరు. పెద్దమ్మ ఓడ ఏనాడూ నీళ్ళ మొహం చూడలేదు. బార్బడోస్ దీవిలో వంటమనుషులు, చాకలివాళ్ళు, తాపీపనివాళ్ళు, చెరుకు కొట్టేవాళ్ళు కలిసి కట్టుకున్న సంఘం అది. వాళ్ళు కూడే రేకుల షెడ్డును రేవంటారు. తాపీమేస్త్రీ ఫిట్జ్ దానికి కెప్టెన్. దొరల ఇంట్లో వంటచేసే ఇస్మే పెద్దమ్మ నర్సుల పెద్ద. వారం వారం తలా కొంత వేసుకుంటారు. ఎవరైనా మంచానపడితే నర్సులు తెల్లబట్టలు కట్టుకుని పాలూ జావా తీసుకెళ్తారు, పోతే శవపెట్టె చేయించి మేళంతో సాగనంపుతారు. పండగ ఆదివారాల్లో అందరూ నావికుల్లా తయారై డోలు, పిల్లనగ్రోవి వెంట రోడ్డెక్కి, అలలమీద ఊగినట్టు ఊగుతూ నడుస్తారు. పట్నంలోవాళ్ళకు అదో నవ్వులాట. నాలుగు అక్షరాలు వంటబట్టిన నల్లబాబులకైతే మరీను.

డార్న్లీ గిటెన్స్‌కి బాగానే వంటబట్టాయి. కార్మికశాఖలో గుమాస్తాగా చేరినవాణ్ణి ఈమధ్యే లండన్ నుంచి వచ్చిన నిపుణుడు పెల్హామ్ దొరకి సహాయకుడిగా వేశారు. జబ్బుకీ ముసలితనానికీ ఒక పథకం తయారుచెయ్యడానికి వచ్చాడా దొర. వారం వారం యజమాని కొంత, పనిచేసేవాళ్ళు కొంత కడితే, ఒంట్లో శక్తి ఉడిగిన రోజున సర్కారు తిరిగి ఇస్తుంది. కమిటీ గదిలో రాసుకోవడానికైనా సరే, నల్లవాడికి కుర్చీ వెయ్యడం అదే మొదలు. ఆ కబురు తెలిసిన రోజున సందు సందంతా వచ్చి డార్న్లీ వీపు తట్టి వెళ్ళింది.

"రేపు మీ ఊరేగింపు ఏ దారిన పెద్దమ్మా?" అన్నాడు డార్న్లీ, కిటికీ దగ్గర కాగితాలు తిరగేస్తున్నట్టు నటిస్తూ.

"ఎందుకురా? చూడ్డానికొస్తావా ఏంటి?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగిన మొహమేనా అది?" పెద్దమ్మ బొగ్గుల కుంపటి మీంచి ఇస్త్రీపెట్టె తీసి, అడుగున తడివేలు తాకించి చూసింది. చుయ్‌మంది. వేళ్ళ కణుపులు వాచిపోయి పిడికిలి బిగియడం లేదు కాబట్టి రెండు చేతులతో పట్టుకుని రుద్దుతోంది. "రేవులోంచి చర్చికి, చర్చి నుంచి సముద్రం రోడ్డుకి. కెప్టెన్ అంత వరకే చెప్పాడు."

సరే, పెల్హామ్ దొరని చెరుకుతోటల రోడ్డు మీదుగా తిప్పుకురావాలి అనుకున్నాడు డార్న్లీ. అనుకోగానే ఏదో తప్పు చేసినట్టు మెడ వెనకాల వేడెక్కింది. పెద్దమ్మ అతని చొక్కా కాలరు తిరగేసి, లోపలివైపు ముందు రుద్దింది. పైవైపు తళతళలాడాలంటే లోపలివైపు ముందు ఆరాలని ఆమె లెక్క.

"ఆ పథకంలో మా వంటింటివాళ్ళం ఉన్నామా, లేమా?" అంది తలెత్తకుండా.

"ఇంకా తేలలేదు."

"తేల్చేవాళ్ళలో నువ్వున్నావుగా. నాకదే ధైర్యం." చొక్కాకి బొత్తాలు పెట్టి, రెండు చేతులూ వెనక్కి మడిచి, పళ్ళెంలో ముద్ద పెట్టినంత జాగ్రత్తగా మంచం మీద పెట్టింది. "దొరసాని మొన్నేమందో తెలుసా? మెట్లెక్కగలిగినన్నాళ్ళూ నీకీ ఇంట్లో చోటుంది ఇస్మే, అంది. ఎంత మంచి మనసో చూడు! నా మోకాళ్ళు వినాలిగా ఆ మాట."

పెద్దమ్మ నవ్వింది. డార్న్లీ నవ్వలేకపోయాడు.

*

పెల్హామ్ దొర చెడ్డవాడైతే బాగుండేది. చెడ్డవాడి ముందు అబద్ధమాడితే అదో రకం. ఈయన డ్రైవరుకి కూడా తన సీసాలోంచి నిమ్మరసం పోసిచ్చే మనిషి. చెరుకుతోటలు చూశాడు, కూలీల చెక్క ఇళ్ళు చూశాడు, ప్రతి గుమ్మం దగ్గరా టోపీ తీశాడు. తీరా తిరుగుదారిలో "కాసేపు సముద్రం పక్కనుంచి పోదామా గిటెన్స్? గాలాడటం లేదు" అన్నాడు.

"రోడ్డు బాగోదు సార్, గతుకులు."

"నేను పుట్టిన ఊళ్ళో రోడ్డే లేదయ్యా. పోనివ్వు."

డ్రైవరు పోనిచ్చాడు. చర్చి మలుపు తిరిగేసరికి డోలు వినపడింది.  ఎదురుగా రోడ్డు నిండా ఓడ. ముందు ఫిట్జ్ మేస్త్రీ ఇత్తడి బొత్తాల నీలం కోటులో, చేతిలో చెక్కకత్తి పట్టుకుని ఉన్నాడు. వెనకాల బారులు తీరిన నావికులు, ఆ వెనక తెల్లబట్టల్లో నర్సులు. ఫిట్జ్ ఏదో కేకవేశాడు. బారులన్నీ ఒక్కసారి మోకాళ్ళు వంచి, ఎడమకీ కుడికీ ఒరిగి, గాలివాన దాటుతున్నట్టు నడిచాయి. రోడ్డు పక్క జనం ఈలలు, చప్పట్లు.

పెల్హామ్ కారు కిటికీలోంచి సగం బయటికి వంగి పకపకా నవ్వాడు. వెక్కిరింత లేదు ఆ నవ్వులో, వింత చూసిన పిల్లాడి సరదా మాత్రమే. "ఎవరయ్యా వీళ్ళు? ఏమిటిది?"

చెప్పడానికి ఒక్క ముక్క చాలు. మా పెద్దమ్మ సంఘం సార్, అంటే అయిపోయేది.  డార్న్లీ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"పనిలేని జనం సార్. ఆదివారం వేషాలు."

అని, దొరతో పాటు తనూ నవ్వాడు. ఆ నవ్వు తన చెవికే అతికినట్టు లేదు.

సరిగ్గా అప్పుడే ఓడ కారుకి దారివ్వడానికి పక్కకి జరిగింది. నర్సుల బారులో ముందున్నది పెద్దమ్మే. నిన్న రెండు చేతులతో రుద్దిన తెల్లగౌను మీద ఒక్క ముడత లేదు. ఊరేగింపులో ఉన్నవాళ్ళు రోడ్డు పక్కవాళ్ళతో మాట్లాడకూడదు, నవ్వకూడదు. అది ఓడ కట్టుబాటు. అయితే అయినవాళ్ళు కనిపిస్తే టోపీని కొంచెం, చాలా కొంచెం, పక్కకి వంచుతారు. ఆ ఒక్క వంపు కోసం డార్న్లీ చిన్నప్పుడు గోడెక్కి కూర్చునేవాడు. పైవాళ్ళు ఎదురైతే మాత్రం, పోలీసులో, సర్కారువాళ్ళో, దొరలో, నుదుటికి చెయ్యి ఆనించి సలాము కొడతారు.

పెద్దమ్మ కారులోకి చూసింది. పెల్హామ్‌ని చూసింది, అతని పక్కన ఇంకా పళ్ళు బయటపెట్టుకునే ఉన్న డార్న్లీని చూసింది. టోపీ కదల్లేదు. మడమలు దగ్గరికి చేర్చి, వాచిన వేళ్ళను నుదుటికి ఆనించి, డార్న్లీకి సలాము కొట్టింది.

డార్న్లీ చెయ్యెత్తలేదు. ఒళ్ళోని కాగితాలు సర్దుకున్నాడు. పెల్హామే హుషారుగా తిరిగి సలాము చేశాడు.

"నీకు కొట్టిందయ్యా ఆవిడ సలాము!" అన్నాడు దొర. "తెలిసినావిడా?"

"నా టోపీ చూసి సార్," అన్నాడు డార్న్లీ. కారు ముందుకు పోయింది. డోలు చాలాసేపు వినపడుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ తెల్లగౌను విప్పి తాడు మీద ఆరేసి, మొక్కజొన్న పిండితో కూకూ ముద్ద కలుపుతోంది. కోప్పడితే బాగుండేది. ఎందుకు నవ్వావురా అని ఒక్క మాటంటే కాళ్ళమీద పడడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఆమె అనలేదు. ఎగిరేచేప ముక్కల్లో ముల్లు లేనిది ఏరి అతని పళ్ళెంలోకి తోసి, "వేడిగా ఉంది, చూసుకుని తిను" అంది. అంతే.

*

మర్నాడు ఆఫీసులో పెల్హామ్ బల్ల మీద ఎనిమిది దొంతర్లు పరిచాడు. రేవు కూలీలు, చెరుకు మిల్లువాళ్ళు, బస్సులవాళ్ళు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు... ఒక్కో దొంతరా సర్ది, బరువుకి రాయి పెట్టి, పథకంలో చేర్చినవి కుడివైపుకి నెడుతున్నాడు. చివరికి ఒకటి మధ్యలో మిగిలింది.

"ఇళ్ళల్లో పనివాళ్ళు," అన్నాడు పైపు నోట్లోంచి తీసి. "కమిటీలో ట్రెంట్ దొర వీళ్ళ పేరెత్తితే ఒంటికాలి మీద లేస్తున్నాడు. మా ఇంటి మనుషులు, మేం చూసుకుంటాం, అంటాడు. అది నేను పట్టించుకోను. లండన్‌లో నన్నడిగేది ఒక్కటే. ఈ జనానికి వారం వారం చందా కట్టే అలవాటుందా? ఉందంటే చేర్చేస్తాను, ఎవరేమన్నా సరే. నీ మనుషుల సంగతి నీకు తెలుస్తుంది. ఒక పేరా రాసివ్వు."

"అలాగే సార్."

"అవునూ, నిన్న రోడ్డు మీద చూశామే, ఆ నావికులు. వాళ్ళకేమైనా నిధీ గిధీ ఉందా? ఆ బట్టలవీ ఊరికే రావుగా."

ఇంతకంటే తలుపు బార్లా ఎవరు తెరుస్తారు చెప్పండి!  ఉందంటే, నీకెలా తెలుసంటాడు. మా పెద్దమ్మ అందులో ఉందని చెప్పాలి. మరి నిన్న పనిలేని జనం అన్నావేం అంటాడు. ఆ నవ్వు గుర్తుకు తెచ్చుకుంటాడు. ఆ సలాము గుర్తుకు తెచ్చుకుంటాడు. నిమ్మరసం పోసిచ్చిన చేత్తోనే ఇతన్ని పక్కన పెడతాడు, మర్యాదగా, ఒక్క మాట అనకుండా.

"లేదు సార్," అన్నాడు. "ఉత్త సరదా."

తన బల్ల దగ్గరికి వెళ్ళి టైపుమిషన్‌లో కాగితం ఎక్కించాడు. 'ఇళ్ళలో పనిచేసేవారికి క్రమం తప్పక చందా కట్టే అలవాటు లేనందున, మొదటి విడతలో వారిని పక్కన పెట్టడమైనది.' ఒక్క తప్పు లేకుండా కొట్టాడు. కొట్టాక కాగితం తియ్యబోతే చెయ్యి రాలేదు. పక్క బల్ల గుమాస్తా "ఏంటి గిటెన్స్, రిబ్బను ఇరుక్కుందా?" అని అడిగితే అవునన్నాడు.

పెల్హామ్ ఆ వాక్యం చదివి, తలూపి, మధ్యనున్న దొంతరని ఎడమవైపుకి నెట్టాడు. దానిమీద రాయి కూడా పెట్టలేదు.

*

బుధవారం పొద్దున పెద్దమ్మ వాకిట్లో ఇత్తడి బిళ్ళకి చింతపండు పట్టించి తోముతోంది. నర్సుల పెద్దకి గుర్తుగా గౌను మీద పెట్టుకునేది అదే.

"రేపు మేం ముగ్గురం మీ కమిటీకి వస్తున్నాం," అంది.

డార్న్లీకి తాగుతున్న కోకో పొలమారింది. "ఎవరు రమ్మన్నారు?"

"పేపర్లో పడిందటగా, ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చని. ఫిట్జ్ చదివి వినిపించాడు. మమ్మల్ని పక్కన పెట్టేస్తున్నారని ట్రెంట్ దొర ఇంట్లో భోజనాల దగ్గర అనుకున్నారట. వడ్డించిన పిల్ల మన ఓడదే."

"నువ్వెందుకు పెద్దమ్మా? మేస్త్రీని వెళ్ళమను. ఆయన బాగా మాట్లాడతాడు."

"వంటింటి సంగతి తాపీమేస్త్రీ చెప్తాడా?"

"పోనీ..." నీళ్ళు నమిలాడు. "పోనీ చర్చికి కట్టుకునే గౌను వేసుకో. ఓడబట్టలు వద్దు. అక్కడ జడ్జీలు, దొరలు..."

పెద్దమ్మ బిళ్ళ తోమడం ఆపింది. గౌను అంచుతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూసింది. డార్న్లీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీ గంజి, నా గంజి ఒక్క గిన్నెలోదే నాయనా," అంది మెల్లగా. "భయపడకు. అక్కడ నువ్వెవరో నేనెవరో."

అది బెదిరింపనుకున్నాడు డార్న్లీ. అభయం ఇచ్చిందని అప్పుడు తట్టలేదు.

*

కమిటీ గది గుమ్మం దగ్గర ముగ్గురూ ఆగిపోయారు. ఫిట్జ్ మేస్త్రీ, పెద్దమ్మ, చాకలిపని చేసే ఓరిన్. బంట్రోతు రమ్మంటున్నా లోపలికి అడుగు పెట్టడం లేదు. ఫిట్జ్ సలాము కొట్టి, "పైకి ఎక్కొచ్చా?" అని గట్టిగా అడిగాడు. వేరేవాళ్ళ ఓడెక్కేముందు అనుమతి అడగాలి, అది వాళ్ళ పద్ధతి.

ట్రెంట్ దొర ముక్కుతో నవ్వాడు. కమిటీ పెద్ద రిటైరైన జడ్జి, చామనఛాయ మనిషి, ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టుంటాడు. ఆయన మాత్రం నవ్వలేదు. "ఎక్కండి," అన్నాడు.

డార్న్లీ పక్క బల్ల దగ్గర తలొంచుకుని కూర్చున్నాడు. ఎవరేమన్నా రాసుకోవడం అతని పని. పేర్లు రాసుకున్నాడు. 'ఇస్మే' అని రాసేటప్పుడు కలం గీసుకుంది. జడ్జి అతను టైపు కొట్టిన కాగితమే తీసి, ఆ వాక్యం పైకి చదివాడు. నెమ్మదిగా, ప్రతి మాటా విడదీసి. డార్న్లీకి బట్టలిప్పి నిలబెట్టినట్టయింది.

"దీనికి మీరేమంటారమ్మా?"

"ఇది రాసినవాళ్ళు ఈ దీవివాళ్ళు కారు బాబూ," అంది పెద్దమ్మ.

"చందా కట్టడం ఒకటా వీళ్ళకి!" ట్రెంట్ దొర కుర్చీలో వెనక్కి వాలాడు. "చేతిలో పడింది పడ్డట్టు రమ్ము దుకాణానికి పోతుంది. మా వంటింట్లో నేను చూడనివాళ్ళా?"

"చూసే ఉంటారు ట్రెంట్ బాబూ. మీ ఒరియానా గుర్తుందా?"

ట్రెంట్ దొర మొహంలో ఏదో మెత్తబడింది. "ఒరియానా! ఎందుకు గుర్తులేదు? నన్ను పెంచింది. బంగారం."

"బంగారమే. పోయినప్పుడు మీరు పూలచక్రం పంపించారు. మంచి పూలు. అంత పెద్ద చక్రం మా సందులో ఎవరికీ రాలేదు." పెద్దమ్మ గొంతు పెంచలేదు. "పెట్టె ఎవరు పంపించారు బాబూ?"

ట్రెంట్ దొర బల్ల మీది కాగితం తిరగేశాడు.

"వానాకాలమంతా మంచంలో ఉంది. పాలు ఎవరు తీసుకెళ్ళారు? ఒళ్ళు ఎవరు తుడిచారు? మీరడగలేదు, మేం చెప్పలేదు. చెప్పుకోవాలని వెయ్యలేదు ఆ చందా. అలవాటు లేదని రాశారు గనక ఇవాళ చెప్తున్నాను. నేనూ వేశాను, ఈ ఓరిన్ వేసింది, ఒరియానా కూడా తన వేళ్ళు కదిలినన్నాళ్ళూ వేసింది. మీరిచ్చిన జీతంలోంచే."

 ట్రెంట్ దొర మెడ ఎర్రబడి, పైకి పాకి, చెవుల దాకా పోయింది. ఆయన కిటికీవైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఆదివారం రోడ్డు మీద కనిపించింది మీరేనా?" అన్నాడు పెల్హామ్.

"మేమే దొరగారూ. మీ కారుకి దారిచ్చాం."

పెల్హామ్ మెల్లగా డార్న్లీ వైపు తిరిగాడు.  డార్న్లీ రాస్తున్నట్టు కలం కదిపాడు.

జడ్జికి నిద్రమబ్బు పూర్తిగా వదిలింది. "అమ్మా, ఒక్క సంగతి. ఈ వాక్యం రాసింది మిస్టర్ గిటెన్స్. ఇదిగో ఇతనే. సెయింట్ ఫిలిప్ వాడు, మీ పేటవాడే. ఇతను మీకు తెలుసా?"

డార్న్లీ తలెత్తాడు. పెద్దమ్మ అతని వైపే చూస్తోంది. ఆ కాలరు లోపలివైపు ముందు రుద్దిన మనిషి, ముల్లు ఏరిన మనిషి, చాలాసేపు చూసింది.

"తెలీదు బాబూ," అంది. "మాకు తెలిసినవాడైతే మేం ఆయనకి తెలిసేవాళ్ళం. అప్పుడిలా రాసేవాడు కాదు."

 జడ్జి తలూపాడు. "వీళ్ళు ఎవరి మనుషులూ కారు, ఎవరూ నేర్పి పంపలేదు. ఇంతకంటే స్వచ్ఛమైన సాక్ష్యం ఈ గదిలో నేను వినలేదు." జేబులోంచి పెన్సిల్ తీశాడు. "మిస్టర్ పెల్హామ్, ఈ వాక్యం కొట్టేద్దాం. మీకేమైనా అభ్యంతరమా? ట్రెంట్?"

ట్రెంట్ దొర కిటికీలోంచి చూపు తిప్పకుండా చెయ్యి ఊపాడు. మీ ఇష్టం అన్నట్టు.

పెన్సిల్ కాగితం మీదికి వంగింది. అప్పుడు లేచాడు డార్న్లీ. ఎందుకు లేచాడో చెప్పమంటే ఏం చెప్తాడు! ఆ 'తెలీదు' అన్న మాట కింద ఇంకొక్క క్షణం కూర్చోలేకపోయాడు. కుర్చీ దబ్బున వెనక్కి పడింది.

"ఆవిడ మా పెద్దమ్మ సార్! నన్ను పెంచింది ఆవిడే. నేనాడింది అబద్ధం. నాకన్నీ తెలుసు, సిగ్గుపడి రాయలేదు..."

చెప్తుంటే గుండె మీంచి బండ దించినట్టు ఎంత హాయిగా అనిపించిందో! కళ్ళు చెమర్చాయి. పెద్దమ్మ మొహం చూశాక గానీ ఆ హాయి ఆగలేదు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

ట్రెంట్ దొర కిటికీ నుంచి తిరిగాడు. మొహంలో ఎరుపు దిగిపోయింది. "ఓహో! అదా సంగతి. ఇంటి కుర్రాడు లోపల కూర్చుని పెద్దమ్మని బయటినుంచి పిలిపించాడన్నమాట. ఒరియానా పేరు కూడా ఇతనే అందించి ఉంటాడు. నాటకం బాగుంది."

"లేదు సార్, నేను పిలిపించలేదు, వద్దనే చెప్పాను..."

"వద్దని కూడా చెప్పావా? అంటే ముందే మాట్లాడుకున్నారన్నమాట."

జడ్జి పెన్సిల్ గాల్లోనే ఆగిపోయింది. ఆయన పెద్దమ్మ వైపు చూశాడు, కోపంగా కాదు, నీరసంగా. "తెలీదన్నారు కదమ్మా?"

పెద్దమ్మ నిటారుగా నిలబడే ఉంది. జడ్జి పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. వచ్చే నెల మళ్ళీ కూర్చున్నప్పుడు చూద్దామన్నాడు. అందాకా వాక్యం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, మిస్టర్ గిటెన్స్ ఈ పనిలోంచి తప్పుకుంటారు. మళ్ళీ సగం నిద్రలోకి పోయినట్టు కళ్ళు వాల్చుకున్నాడు. పెల్హామ్ పైపు వెలిగించుకోబోయి, వెలిగించకుండానే పెట్టేశాడు.

ఫిట్జ్ మేస్త్రీ గుమ్మం దగ్గర ఆగి సలాము కొట్టి, "దిగొచ్చా?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు. వాళ్ళే దిగారు.

*

"నావల్ల కాలేదు పెద్దమ్మా," అన్నాడు డార్న్లీ బస్సుల దగ్గరికి నడుస్తూ. అతని కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "నువ్వలా తెలీదన్నాక ఎలా కూర్చోను?"

"కూర్చోవాల్సింది," అంది ఆమె ఆగకుండా. "ఆ పెన్సిలు కాగితానికి తగిలేదాకా."

"నా మీద కోపంతో అన్నావనుకున్నా."

పెద్దమ్మ ఆగింది. టోపీ తీసి చంకలో పెట్టుకుంది. నుదుటి మీద టోపీ అంచు గీత పడి ఉంది.

"కోపం లేదనను. కానీ కోపానికి అక్కడిదాకా గంజిబట్టలు కట్టుకుని వస్తానట్రా? తెలుసంటే ఏమంటారో నాకు తెలీదూ? పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి వాళ్ళ బల్లల వెనకాల నిలబడి వడ్డిస్తున్నాను. వాళ్ళు దేన్ని నమ్ముతారో, దేన్ని తోసేస్తారో వింటూనే ఉన్నాను. అందుకే తెలీదన్నాను. నీ కుర్చీ ఉంటుందని, మా పనీ అవుతుందని." ఊపిరి పీల్చుకుంది. "నీ మొహం నువ్వు కడుక్కున్నావు నాయనా. మేం మోసుకొచ్చిన నీళ్ళన్నీ పోసుకుని కడుక్కున్నావు."

ఓరిన్ మొహం పక్కకి తిప్పుకుంది. ఫిట్జ్ మేస్త్రీ బూటుతో ఒక రాయిని తన్నాడు. డార్న్లీ ఏడుపు అక్కడికక్కడ ఆగిపోయింది. ఇంక ఏడిస్తే అది కూడా తన కోసమే అవుతుందని తెలిసింది.

బస్సు వచ్చింది. ముగ్గురూ ఎక్కి వరసగా ఒకే బల్ల మీద కూర్చున్నారు. పెద్దమ్మ పక్కన మిగిలిన చోట ఆమె బుట్ట ఉంది. డార్న్లీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదిలాక, చెరుకు బండి ఎదురై ఒక కుదుపు కుదిపాక, పెద్దమ్మ బుట్ట తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

కూర్చున్నాడు.  ఉన్నట్టుండి ఆమె జాన చాచి అతని వీపు మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా కొలిచింది.

"మీ అమ్మ భుజాలే. ఫిట్జూ, నీ పాత కోటు కుట్లు విప్పితే వీడికి సరిపోదూ?"

"చేతులు పొట్టి అవుతాయేమో," అన్నాడు ఫిట్జ్.

"కోటేంటి పెద్దమ్మా?"

"వచ్చే నెల మళ్ళీ వెళ్తాం. వీళ్ళలో వీళ్ళు కుమ్మక్కయ్యారన్నారుగా, అయ్యే వెళ్దాం. ముగ్గురం కాదు, ఓడంతా. డోలుతో, పిల్లనగ్రోవితో, మీ ఆఫీసు ముందు బ్రాడ్ స్ట్రీట్ మీదుగా. కుర్చీ పోయింది కనక నీకూ తీరికే. బారులో నడుస్తావు."

బ్రాడ్ స్ట్రీట్ మీదుగా అనగానే డార్న్లీ మనసులోకి ముందొచ్చింది ఏమిటి? వంటింటివాళ్ళా, ఆమె మోకాళ్ళా, కొట్టెయ్యని ఆ వాక్యమా? కాదు. ఆఫీసు మేడమీది కిటికీలు. ఆ కిటికీల్లో నిలబడి నవ్వే గుమాస్తాలు. వాళ్ళ మధ్య పెల్హామ్ దొర. పొద్దుట్నుంచి ఇంత జరిగినా ఇంకా అదే! తన మీద తనకే అసహ్యం పుట్టింది. దాని గురించి ఏదో చెప్పబోయాడు. చెప్తే మళ్ళీ మొహం కడుక్కోవడమే అవుతుందని ఊరుకున్నాడు.

"చెయ్యెత్తు," అంది పెద్దమ్మ, చిన్నప్పుడు చొక్కా తొడిగేటప్పుడు అన్నట్టే. "చంక కింద కొలవాలి."

బస్సులో వాళ్ళంతా చూస్తున్నారు. డార్న్లీ చెయ్యెత్తాడు.